వెక్కిళ్ళ అద్భుతం

మా అత్తగారు పోయిన ఆరో ఏట ఆవిడని పునీతురాలిని, అంటే సెయింటుని, చేయించాలని మా బావగారికి బుద్ధి పుట్టింది. పునీతురాలు కావాలంటే అద్భుతం జరగాలి, అద్భుతం జరగాలంటే ఎవరో ఒక మనిషికి ఏదో ఒకటి కావాలి. ఆ మనిషిగా నేను దొరికాను.

నేను కువైట్‌లో చాలాకాలం కరెంటు పని చేసి తిరిగొచ్చినవాణ్ణి. మాది కపిలేశ్వరపురం దగ్గర లంక ఊరు. గోదావరికి వరదొచ్చినప్పుడల్లా ఇంట్లోకి నీళ్ళొస్తాయని మా ఆవిడ అక్కడ కాపురానికి ఒప్పుకోలేదు. అందుకని కొత్తపేటకి దగ్గర్లో, అత్తవారి ఊళ్ళోనే, వాళ్ళ పెరటి గోడకి ఇవతల ఇల్లు కట్టాను. ఇల్లరికం అనడానికి లేదు, కాదనడానికీ లేదు. గోడకి అవతల మా అత్తగారు ఉండేవారు.

సన్నగా, పొట్టిగా ఉండేవారు గానీ గొంతెత్తితే కొబ్బరి తోట చివర కాయల దింపు తీసేవాళ్ళు కూడా ఉలిక్కిపడేవారు. సాయంత్రం జపమాల చెప్పుకుంటూ మంగళవార్త జపం సగంలో ఆపి, "గేదెకి కుడితి పెట్టేరా" అని అడిగి, సమాధానం విని, ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకునేవారు. ఆదివారం చర్చి పూజలో ప్రసంగం మరీ సాగితే ఆవిడ ఒక దగ్గు దగ్గేవారు. మా ఊరికి ఎంతమంది గురువులు మారినా, కొత్తాయన నెల తిరక్కుండా ఆ దగ్గుకి అర్థం తెలుసుకునేవారు.

పెళ్ళిచూపుల్లో ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "కరెంటు పనా? చెయ్యి వణకదు కదా" అన్నారు. అప్పటిదాకా వణకలేదు.

అయితే వరదల్లో లంకల మీంచి పిల్లాజెల్లాతో వచ్చినవాళ్ళకి ఆవిడ పెరట్లో డేగిశాలకి డేగిశాలు అన్నం వండి పెట్టిన సంగతి మా పేటలో అందరికీ తెలుసు. తిట్టుకుంటూనే వండేవారు. తిట్టుకుంటూనే రెండోసారి వడ్డించేవారు.

ఆ సంవత్సరం సకల పునీతుల పండుగనాడు మా విచారణ గురువులు ప్రసంగం చేశారు. మా కథోలికుల్లో ఒక గుడిని, దాని కిందికి వచ్చే ఊళ్ళని కలిపి విచారణ అంటారు. దాన్ని చూసుకునే గురువు విచారణ గురువు. మా ఫాదరుగారు వయసులో చిన్నవారు, విషయం విడమర్చి చెప్పాలన్న ఉబలాటం ఉన్నవారు. దగ్గేవాళ్ళు లేరు కాబట్టి తీరిగ్గా చెప్పారు.

తొలిరోజుల్లో విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ సమాధుల దగ్గర జనమే చేరి గౌరవించేవారట. ఎవరు పునీతులో ఊరే తేల్చేసేదట. తర్వాత ఆ పని బిషప్పులు చూశారు, ఆ తర్వాత రోము తన చేతిలోకి తీసుకుంది. ఇప్పుడైతే మనిషి పోయాక మామూలుగా ఐదేళ్ళు ఆగాలి. అప్పుడు బిషప్పుగారు దర్యాప్తు మొదలుపెడితే దైవసేవకులు అంటారు. జీవితమంతా గాలించి సుగుణాలు నిజమేనని తేలిస్తే పూజ్యులు. ఆ మనిషిని వేడుకున్నందువల్ల ఒక అద్భుతం జరిగిందని రుజువైతే ధన్యులు. ఆ తర్వాత ఇంకొకటి జరిగితే పునీతులు.

ముందు వరసలో మా బావగారు కూర్చున్నారు. మా ఆవిడకి అన్నగారు, హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఫాదరుగారు ఒక్కో మెట్టు చెబుతుంటే ఆయన వేళ్ళు మడుచుకుంటున్నారు. పూజ అయ్యాక గుడి మెట్ల మీద నా పక్కకి వచ్చారు.

"బావగారూ, అమ్మ పోయి ఐదేళ్ళు దాటింది కదండీ."

"ఆయ్, దాటిందండి."

"మరి మనం ఆలోచించాలి కదండీ."

మర్నాడు ఆత్మల పండుగ. సమాధికి సున్నం వేయించే సంగతి కాబోలనుకుని, "ఆలోచిద్దాం లెండి, దానికేముంది" అన్నాను. తర్వాత ఆయన అందరితోనూ ఈ పనికి మొదట ఒప్పుకున్నది బావగారే అని నన్ను చూపించి చెప్పుకొచ్చారు.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంటి హాల్లో అందర్నీ కూర్చోబెట్టారు. గోడ మీద అత్తగారి ఫోటో పెద్దదిగా ఉంది. ఆధార్ కార్డు కోసం దిగిన ఫోటోని పెద్దది చేయించారు. కదలొద్దన్నందుకు ఫోటో తీసినతని మీద వచ్చిన కోపం ఆవిడ కళ్ళలో అలాగే ఉండిపోయింది.

బావగారు ఫోన్లో చాలా చదివి పెట్టుకున్నారు. రోములో ఇదివరకు ఒక వకీలు ఉండేవాడట. పునీతుడన్న ప్రతి మనిషి మీదా తప్పులు వెతికి వాదించడమే ఆయన పని. జనం ఆయన్ని సైతాను వకీలు అనేవారట.

"మనక్కూడా ఒకరు కావాలి. లేకపోతే పక్షపాతం అంటారు" అన్నారు బావగారు. అని ఆయన చూసిన వైపే అందరం చూశాం.

అక్కడ వాళ్ళ తమ్ముడి భార్య, అంటే మా అత్తగారి చిన్నకోడలు, చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కొత్తపేట స్కూల్లో లెక్కలు చెబుతుంది. నన్ను అన్నయ్యగారూ అంటుంది.

"నేనేం చేశానండి బావగారూ" అంది.

"నువ్వు కాకపోతే ఇంకెవరమ్మా. అమ్మతో ఒకే వంటింట్లో మెలిగిన మనిషివి."

ఆవిడ భర్త అప్పటికే తోటలో మోటారు చూసొస్తానని లేచిపోయాడు. చిన్నకోడలు చిక్కుళ్ళ చేట పక్కన పెట్టింది. "సరేనండి. అయితే ఎవరినేం అడిగినా ఎవరూ నొచ్చుకోకూడదు" అంది.

మొదటి సాక్షి మా ఆవిడ. వరదల్లో అన్నం సంగతి చెప్పి, "మా అమ్మ అడిగినవాళ్ళకి ఎప్పుడూ లేదనలేదు" అని కళ్ళు తుడుచుకుంది.

"నిజమేనండి వదినా" అంది చిన్నకోడలు. "అడగనివాళ్ళకి సలహాలు కూడా ఇచ్చేవారు. అది సుగుణం కిందకి వస్తుందంటారా?"

"ఉపదేశం కిందకి వస్తుంది" అన్నారు బావగారు.

"ప్రసంగంలో దగ్గడమో?"

"సమయపాలన."

పక్కింటి పిన్నిగారిని కూడా పిలిపించారు. మా అత్తగారి ఈడు మనిషి, ఆవిడతో జీవితాంతం గొడవపడి, పోయినప్పుడు అందరికన్నా ఎక్కువ ఏడ్చిన మనిషి. ఆవిడ తాపీగా కూర్చుని ఒక కోడి సంగతి చెప్పింది. పిన్నిగారి కోడి రోజూ గోడ దూకి మా అత్తగారి మిరప నారు గీరేసేదట. రెండుసార్లు చెప్పి చూశారట మా అత్తగారు. మూడోసారి దాన్ని పట్టి కూర వండి, ఒక గిన్నెడు పిన్నిగారింటికి పంపించారట.

"నాకేం తెల్సు, నా కోడేనని. బాగుంది వదినా అని గిన్నె కడిగి ఇచ్చేను. అప్పుడు చెప్పింది" అంది పిన్నిగారు.

చిన్నకోడలు బావగారి వైపు తిరిగింది. "ఇది దొంగతనమాండీ, దానమాండీ?"

బావగారు చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "గిన్నెడు ఇచ్చింది కాబట్టి..." అని ఆగిపోయారు.

"కూర మాత్రం అమృతమండి. ఆ సంగతి కూడా రోములో చెప్పండి" అంది పిన్నిగారు.

సుగుణాల మెట్టు అలా అటూ ఇటూ కాకుండా మిగిలింది. అద్భుతం ఉంటే అన్నీ సర్దుకుంటాయని బావగారు ఎదురుచూడ్డం మొదలుపెట్టారు. ఎవరికి జలుబు చేసినా ఆశగా చూసేవారు.

క్రిస్మస్ దాటాక ఆత్రేయపురంలో ఒక ఇంటికి వైరింగు చేసి వచ్చాను. వాళ్ళు ఒక పెట్టెడు పూతరేకులు ఇచ్చారు. మా ఆవిడ నా షుగరు సంగతి ఎత్తకముందే ఒకటి పూర్తి చేద్దామని గబగబా నోట్లో కుక్కుకున్నాను. లోపలి పంచదార పొడి గొంతుకి అడ్డం పడింది. దగ్గు తగ్గాక వెక్కిళ్ళు మొదలయ్యాయి. మొదలై, ఆగలేదు.

నీళ్ళు తాగాను. ఊపిరి బిగపట్టాను. ఉలిక్కిపడితే పోతాయని మా ఆవిడ వెనకనుంచి వచ్చి, "మీ చెల్లెలు వారం రోజులుండడానికి వస్తోందట" అంది. అవి పోలేదు సరికదా, నిజమేనేమోనని కంగారు కూడా పట్టుకుంది. కొత్తపేటలో ఇంజెక్షన్ చేశారు, అమలాపురంలో మాత్రలిచ్చారు. రెండుచోట్లా వాటంతట అవే తగ్గుతాయన్నారు. నిచ్చెన మీద నిలబడి టెస్టరు పట్టుకుని వెక్కుతుంటే ఒకింటివాళ్ళు భయపడి, "తగ్గేక రండి బాబూ, ఫ్యాను ఎక్కడికీ పోదు" అని పంపించేశారు. రాత్రుళ్ళు నిద్ర లేదు. మూడోరోజు మధ్యాహ్నం మంచం మీద వాలితే అలాగే వెక్కుతూనే కునుకు పట్టింది.

ఆ కునుకులో ఉండగా బావగారు అందర్నీ తీసుకుని మా ఇంటికొచ్చారు. అత్తగారి ఫోటో గోడ మీంచి దింపి తెచ్చారు. అందరూ నా మంచం చుట్టూ మోకరించి ఆవిడని వేడుకోవడం మొదలుపెట్టారు. ఫోటో నాకు దగ్గరగా ఉంటే మంచిదని బావగారు దాన్ని నా ముఖానికి జానెడు దూరంలో పట్టుకున్నారు.

నేను కళ్ళు తెరిచాను.

ఎదురుగా మా అత్తగారు. అదే చూపు. ఆవిడ వెనక నుంచి ఎవరివో ప్రార్థనలు వినపడుతున్నాయి. నేను పోయాననీ, పరలోకం ద్వారం దగ్గర తాళాలు పట్టుకుని కూర్చునే పెద్దాయనని లేపేసి ఆ కుర్చీలో ఈవిడే కూర్చున్నారనీ నాకు ఖాయంగా అనిపించింది. ఇప్పుడు చెయ్యి వణుకుతోందా అని అడుగుతారనుకున్నాను. ఒక్క ఊపున లేచి, నుదురు ఫోటో అద్దానికి కొట్టుకుని, మంచం మీద పాక్కుంటూ గోడదాకా వెళ్ళిపోయాను.

అందరూ నా గొంతు వైపే చూస్తున్నారు. నేనూ ఎదురుచూశాను. వెక్కిళ్ళు రాలేదు.

బావగారికి కన్నీళ్ళు ఆగలేదు. మా ఆవిడ నా నుదుటి మీద బొప్పిని తడిమి శిలువ గుర్తు వేసుకుంది. చిన్నకోడలు మాత్రం కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"అన్నయ్యగారూ, కళ్ళు తెరిచినప్పుడు మీకేమనిపించిందండి?"

మా ఆవిడ పక్కనే నిలబడి ఉంది. "భక్తి అనిపించిందమ్మా" అన్నాను.

"భక్తితో మనిషి గోడదాకా పాకుతాడాండీ?"

"ఎక్కువైతే పాకుతాడేమో."

"అత్తయ్యగారు ఉన్నప్పుడు కూడా ఆవిడ ఎదురొస్తే మీకు మాట ఆగిపోయేది. మాట ఆగిన మనిషికి వెక్కిళ్ళు ఆగడంలో వింతేముందండి?"

నేను నోరు తెరిచేలోపే బావగారు అందుకున్నారు. "ఉన్నప్పుడు చేసిన పని పోయేక కూడా చేస్తోంది. అద్భుతం అంటే అదే కదమ్మా."

చిన్నకోడలు లేచి కుర్చీ తీసుకెళ్ళి మళ్ళీ గోడ వారన పెట్టేసింది.

సంగతి ఊరంతా పాకింది. జనం ఫోటోని చూడ్డానికి రాకుండా నన్ను చూడ్డానికి వచ్చారు. నా కరెంటు సామాన్ల షాపు ముందు ఆగి, పలకరించి, గొంతు వైపు ఒకసారి చూసి వెళ్ళేవారు. మస్కట్ వీసా రావాల్సిన ఒకతను రోజూ వచ్చి నాతో చెయ్యి కలిపి పోయేవాడు. ఒకావిడ వెక్కిళ్ళు పట్టిన చంటిదాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. అది నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు ఆపేసరికి వెక్కిళ్ళు లేవు.

"రెండోది" అన్నారు బావగారు.

"పాప అన్నయ్యగారి మీసాలు చూసి ఏడ్చిందండి" అంది చిన్నకోడలు. ఆయన వినిపించుకునే స్థితిలో లేరు.

రెండు రోజుల తర్వాత మా ఊరి బస్టాపు దగ్గర ఫ్లెక్సీ లేచింది. అంత పెద్ద ఫ్లెక్సీ ఎన్నికలప్పుడు కూడా మా ఊళ్ళో కట్టలేదు. మధ్యలో మా అత్తగారు, ఆధార్ ఫోటో కోపంతోనే. తల చుట్టూ బంగారు రంగు వెలుగు. పైన పెద్ద అక్షరాలతో దైవసేవకురాలు అని. కొత్తపేటలో ఫ్లెక్సీ చేసినతను అంతకుముందు ఎవరో నాయకుడి పుట్టినరోజుకి వాడిన డిజైన్‌లోనే ఈవిడని కూర్చోబెట్టాడు. అందువల్ల రెండు పక్కలా రెండు సింహాలు అలాగే ఉండిపోయాయి. అడుగున, ఇట్లు మీ అభిమానులు అని ఉంది. దానికింద గుండ్రటి చట్రాల్లో మా ఫోటోలు, అందరం నమస్కారం పెడుతున్నాం. నా ఫోటో కింద, అద్భుతం పొందిన అల్లుడుగారు. చిన్నకోడలు ఫోటో కింద, సైతాను వకీలు.

ఆవిడ రోజూ స్కూలుకి బస్సెక్కేది అక్కడే. సాయంత్రం నేరుగా బావగారింటికి వెళ్ళింది. నేను అక్కడే ఉన్నాను.

"బావగారూ, నేను ఊళ్ళో లెక్కలు చెప్పుకుని బతకాలండి" అంది, నెమ్మదిగానే.

"అది హోదా అమ్మా" అన్నారాయన. "రోములో ఉండేదట."

"మా హెడ్మాస్టరుగారికి రోము సంగతి తెలీదండి. పొద్దున్నించి నాతో మాట్లాడ్డం మానేసేరు."

ఈ మాటలు అవుతుండగానే బయట బైకు ఆగింది. ఫాదరుగారు. మంచానపడ్డవాళ్ళకి సత్ప్రసాదం ఇచ్చి వెళుతూ బస్టాపు దగ్గర ఆగారట. లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాక కూడా కాసేపు దానివైపే చూస్తూ ఉన్నారు. నవ్వు ఆపుకుంటున్నారని నాకు అనిపించింది.

"మాస్టారూ, తల చుట్టూ ఆ వెలుగు ఎవరు పెట్టించేరండి?"

"నేనేనండి ఫాదరుగారూ. బాగా వచ్చిందండి."

"బాగానే వచ్చింది. చిక్కు కూడా దానితోనే వచ్చిందండి."

ఆయన వివరంగా చెప్పారు. రోము తేల్చేదాకా ఎవరినీ బహిరంగంగా పునీతుల్లా గౌరవించకూడదట. ఇంట్లో తలుచుకోవచ్చు, మనసులో వేడుకోవచ్చు. తల చుట్టూ వెలుగు వేసి నలుగురిలో పెట్టకూడదు. కేసు నడిచేటప్పుడు అలాంటి గౌరవమేదీ ఇవ్వలేదని కూడా రుజువు చూపించాలట. దైవసేవకులు అన్న మాట కూడా దర్యాప్తు మొదలయ్యాకే వాడాలి.

"అంటే అమ్మ కేసు..." అన్నారు బావగారు.

"ఆ ఫ్లెక్సీతో మొదలవ్వకముందే ఇబ్బందిలో పడిందండి."

బావగారు కుర్చీలో కుంగిపోయారు. ఫాదరుగారికి జాలేసినట్టుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, అసలు ఇది ఇంట్లోవాళ్ళు మొదలుపెట్టేది కాదనీ, ఈ మనిషి పవిత్రురాలన్న మాట ఊరి నోట దానంతటదే పుట్టాలనీ, అద్భుతాన్ని కూడా డాక్టర్లు కూర్చుని వైద్యంలో దీనికి కారణం దొరకలేదని తేల్చాలనీ చెప్పారు. చెప్పి నావైపు తిరిగారు.

"మీరు చెప్పండి. ఆ వేళ ఏమైంది? భయపడ్డారా?"

చిన్నకోడలికి ఎలాగో చెప్పాను గానీ, జేబులో సత్ప్రసాదం పెట్టె పెట్టుకున్న గురువుగారికి అలా చెప్పడానికి నోరు రాలేదు. మా ఆవిడ వైపు చూడకుండా, "ఆయ్, భయపడ్డానండి. చాలా భయపడ్డాను" అన్నాను.

"వైద్యంలో కారణం దొరికింది" అంది చిన్నకోడలు.

ఫాదరుగారు అప్పుడు నవ్వేశారు. "మీ వాదన బాగుందమ్మా. కానీ ఆ వకీలు పదవి పాత పద్ధతిలో ఇప్పుడు లేదు. రోమువాళ్ళు ఎప్పుడో మార్చేసేరు."

"సంతోషమండి. ఆ సంగతి మా హెడ్మాస్టరుగారికి మీరే చెప్పాలి" అందావిడ. ఆయన చెప్పారు కూడా. మర్నాడు స్కూలుకి వెళ్ళి మరీ చెప్పొచ్చారు.

నిచ్చెన ఉన్నది నాకే కాబట్టి ఫ్లెక్సీ దింపే పని నాకే పడింది. కింద నిలబడి నిచ్చెన పట్టుకున్న మా ఆవిడ, నేను చివరి తాడు విప్పుతుండగా అడిగింది. "అమ్మంటే మీకు అంత భయమాండీ?"

"ఆయ్."

నిచ్చెన ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. "నాకూనండి" అంది తర్వాత.

ఫ్లెక్సీ గట్టిగా ఉంది కాబట్టి ధాన్యం కుప్ప మీద కప్పుదామన్నాను. అమ్మ ముఖం మీద వాన పడుతుందని మా ఆవిడ ఒప్పుకోలేదు. ముఖం లోపలి వైపుకి వచ్చేలా తిప్పి కప్పాం. సింహాలు మాత్రం ఒక పక్కన కొంచెం బయటికి కనపడేవి.

బావగారు చాలా రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఒకరోజు మా ఆవిడ చింతచిగురు రొయ్యలు వండి, గిన్నె ఇచ్చి నన్ను పంపించింది. ఆయన వసారాలో కూర్చుని ఉన్నారు. గిన్నె తీసుకుని పక్కన పెట్టుకున్నారు గానీ మూత తీయలేదు.

"మొన్న మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది కదండీ బావగారూ. గోడ మీద ఫోటో చూసి, ఈవిడెవరు, ఎందుకు కోపంగా ఉన్నారు అనడిగింది. అమ్మ ఎవరో దానికి తెలీదండి. అంత గొంతు, అంత మనిషి... ఇంకో పదేళ్ళకి ఎవరికీ తెలీదు. పునీతులైతే కేలండర్లో ఉంటారు కదాని."

పెళ్ళిచూపుల్లో ఆవిడ నా చెయ్యి వణకదు కదా అని అడగడం, నేను కాఫీ గ్లాసు పట్టుకోలేక లాల్చీ మీద ఒలకబోసుకోవడం చెప్పాను. ఆ సంగతి ఆయనకి తెలియదట. నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి, తను హెడ్మాస్టరయ్యాక కూడా ఒకసారి స్కూలుకి గొడుగు మర్చిపోతే, ఆవిడ క్లాసు కిటికీ దగ్గరికొచ్చి పిల్లలందరి ముందూ తలకాయ ఎక్కడ పెట్టేవని అడిగిన సంగతి చెప్పారు. పొద్దుపోయేదాకా చెప్పుకున్నాం. మధ్యలో ఎప్పుడో గిన్నె ఖాళీ అయింది.

వేసవిలో ఆవిడ వర్ధంతి వచ్చింది. ప్రతి ఏడూ ఆ రోజు పూజ పెట్టించడం అలవాటు. ఈసారి బావగారికి ఒక ధర్మసందేహం పట్టుకుంది. అమ్మ ఆత్మశాంతి కోసం అని పూజ పెట్టిస్తే అమ్మ ఇంకా మోక్షానికి చేరలేదని మనమే ఒప్పుకున్నట్టు కదా. చేరిందనుకుని మానేస్తే, ఒకవేళ మోక్షానికి ముందు ఆత్మలు పాపం కడుక్కునే ఉత్తరించు స్థలంలోనే ఉండి మన ప్రార్థన కోసం చూస్తూ ఉంటే? అక్కడ ఆవిడని ఎదురుచూస్తూ కూర్చోబెట్టే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఇద్దరం కలిసి ఫాదరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కలం పట్టుకుని, "పూజ ఏ ఉద్దేశంతోనండి మాస్టారూ?" అని అడిగారు.

బావగారు దారి పొడుగునా కూర్చుకున్న మాట జాగ్రత్తగా చెప్పారు. "మా అమ్మని ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతగానండి. ఒకవేళ ఆవిడ ఇంకా దారిలో ఉంటే, దానికీ కలిపేయండి."

ఫాదరుగారు తలెత్తకుండా అలాగే రాసుకున్నారు.